డిసెంబరు 20న వెళ్ళే కార్డులో ఏ భాషకు ఏ మాట రాయాలి? క్రిస్మస్ నుంచి దసరా దాకా పండుగ పలకరింపులు

తెల్లకాగితం
అందరికీ నమస్కారం. హైదరాబాదు ఆఫీసు తరఫున డిసెంబరు 20న ఒక కార్డు వెళ్ళాలి. అందుకునేవాళ్ళు జర్మనీ, ఫ్రాన్స్, స్పెయిన్, రష్యా, ఉక్రెయిన్, జపాన్, కొరియా, సింగపూర్‌లలో ఉన్నారు. "క్రిస్మస్, నూతన సంవత్సర శుభాకాంక్షలు" అన్న ఒక్క వాక్యాన్నే యంత్రానువాదంతో ఎనిమిది భాషల్లోకి మార్చి వరసగా పేర్చాను. అచ్చుకు ఇచ్చేముందు మూడు సంగతులు తెలియాలి. ఈ వాక్యం అన్నిచోట్లా నప్పుతుందా? ఫోనులో చెప్పాల్సివస్తే తెలుగు లిపిలో ఎలా రాసుకోవాలి? అవతలివాళ్ళే ముందు చెబితే జవాబేమిటి? సంక్రాంతి, ఈద్, ఉగాదికి కూడా ఇలాంటి కార్డులే ఉంటాయి, వాటి గురించీ చెప్పండి.

రైన్‌ఒడ్డు
తెల్లకాగితం గారూ, మాటలకన్నా ముందు తేదీ చూసుకోండి. డిసెంబరు 20న జర్మన్లకు "ఫ్రోఎ వైనాఖ్టెన్" అని నిక్షేపంగా చెప్పొచ్చు. అక్కడ అసలు పండుగ 24 సాయంత్రమే మొదలవుతుంది, కాబట్టి 25 దాకా ఆగితే ఆలస్యం చేసినట్టే.

కొత్త సంవత్సరానికి మాత్రం రెండు మాటలున్నాయి, వాటి మధ్య గీత డిసెంబరు 31 అర్ధరాత్రి. దానికి ముందు "గూటెన్ రుచ్". రుచ్ అంటే జారడం, కొత్త ఏట్లోకి హాయిగా జారుకోండి అని. అర్ధరాత్రి దాటాక "ఫ్రోఎస్ నోయెస్". జనవరి 3న ఫోను చేసి "గూటెన్ రుచ్" అంటే జారడం అప్పటికే అయిపోయింది. డిసెంబరు 20న నోటితో "ఫ్రోఎస్ నోయెస్" అన్నా తొందరపడినట్టుంటుంది. అచ్చు కార్డులో "మంచి కొత్త సంవత్సరం కోరుకుంటున్నాం" అని పూర్తి వాక్యం రాస్తే తప్పులేదు, అలా రాస్తారు కూడా.

పలికేటప్పుడు రెండు జాగ్రత్తలు. "ఫ్రోఎ"లో రాతలో ఉన్న హ పలకదు. "వైనాఖ్టెన్"లోని ఖ్ మన "ఖరము"లోని ఖ కాదు, ఉర్దూవాళ్ళు "ఖాన్" అన్నప్పుడు గొంతులో గీరుకున్నట్టు వచ్చే ఖ. హైదరాబాదులో చెవికి అలవాటైన శబ్దమే. జవాబు "డాంకె, ఎబెన్‌ఫాల్స్". థాంక్స్, మీకూ అదే, అని అర్థం. అన్ని పండుగలకూ ఇదొక్కటి సరిపోతుంది.

మంచుతెర
రష్యాకు మీరు రాసిన వాక్యం వరసే తలకిందులు. అక్కడ ఆర్థడాక్స్ చర్చి పాత జూలియన్ క్యాలెండరు పాటిస్తుంది. దానికీ మన క్యాలెండరుకూ ఇప్పుడు తేడా 13 రోజులు. అందుకని క్రిస్మస్ జనవరి 7న వస్తుంది, అంటే కొత్త సంవత్సరం తరవాత. పైగా ఇళ్ళలో చెట్టు పెట్టడం, కానుకలు, విందు అన్నీ డిసెంబరు 31 రాత్రికే. కాబట్టి డిసెంబరు 20 కార్డులో క్రిస్మస్ మాట తీసేసి కొత్త ఏడాది మాట మాత్రమే ఉంచండి.

అర్ధరాత్రి గీత ఇక్కడా ఉంది. ముందు చెప్పేది "స్ నస్తుపాయుషిమ్" (రాబోతున్నదానితో). దాటాక "స్ నోవిమ్ గోదమ్" (కొత్త ఏడాదితో). ఆ మొదటి "స్" అంటే మన "తో". "కొత్త ఏడాదితో మిమ్మల్ని అభినందిస్తున్నాను" అన్న వాక్యంలో క్రియ వదిలేసి మిగిలిన ముక్క ఇది. మన తృతీయా విభక్తి లాంటి ప్రత్యయం మాట చివర కూడా చేరుతుంది. యంత్రానువాదం చాలాసార్లు ప్రథమా విభక్తిలో "నోవి గోద్" అని ఉత్త పేరు ఇస్తుంది. కార్డు మీద అది "కొత్త సంవత్సరం" అని పేరు చదివినట్టుంటుంది, శుభాకాంక్ష అవదు.

ఉక్రెయిన్ వరస వేరుగా పెట్టండి. 2023లో చట్టం మార్చి అక్కడ క్రిస్మస్ సెలవును డిసెంబరు 25కు తెచ్చారు. "జ్ రిజ్ద్వోమ్" అని ఉక్రేనియన్‌లోనే రాయండి. రెండు దేశాలూ ఒకటేలే అనుకుని రష్యన్ వాక్యం పంపితే, యుద్ధం నడుస్తుండగా అది మనసు నొప్పించే పని.

పలుకుబడి
ఫ్రెంచి, స్పానిష్ నేను తీసుకుంటాను.

ఫ్రెంచి "జ్వాయో నోఎల్"లో మొదటి శబ్దం మన జ కాదు. "ష్" అని సాగదీస్తూ గొంతు మీద వేలు పెట్టుకోండి, వణుకు ఉండదు. నోరు కదపకుండా వణుకు తెప్పించండి, అదే ఆ శబ్దం. "యో" దగ్గర నాలుక ఏ అనాలి, పెదాలు ఓ లాగా గుండ్రంగా ఉండాలి. రాతలో చివరనున్న ఎక్స్ పలకదు. "నోఎల్" రాతలో e అక్షరం మీద రెండు చుక్కలుంటాయి. ఓ వేరు, ఎ వేరు అని చెప్పడానికే అవి. చుక్కలు పోతే అచ్చుతప్పు.

కొత్త ఏడాదికి "బొన్ అనే". ఇది జనవరి 1 నుంచి జనవరి నెలాఖరు దాకా, ఆ ఏడాదిలో మొదటిసారి మాట్లాడే ప్రతి మనిషికీ చెప్పాలి. ఫిబ్రవరిలో చెప్పరు. డిసెంబరు 20కి అన్నిటికన్నా భద్రమైనది "బొన్ ఫెత్", మంచి పండుగలు అని అర్థం. క్రిస్మస్ చేసుకోనివాళ్ళకూ సరిపోతుంది.

స్పానిష్‌లో ఒక ప్రమాదం ఉంది. సంవత్సరానికి "అన్యో". ఆ "న్య" అక్షరం ఎన్ మీద అలలాంటి గీతతో ఉంటుంది. గీత వదిలేస్తే "అనో" అవుతుంది, దానర్థం మలద్వారం. మామూలు కీబోర్డుతో కొట్టిన కార్డుల్లో ఈ గీత పోవడం చాలా తరచు. ఫోను కీబోర్డులో ఎన్ మీద వేలు నొక్కిపెడితే ఆ అక్షరం వస్తుంది.

క్రిస్మస్‌కు "ఫెలిస్ నవిదాద్". స్పెయిన్‌లో చాలాచోట్ల మొదటి మాట చివరి శబ్దాన్ని ఇంగ్లీషు "థింక్"లోని థ లాగా నాలుక పళ్ళ మధ్య పెట్టి పలుకుతారు. మెక్సికో, అర్జెంటీనా వగైరాల్లో స్. "నవి"లోని వ మన బ, వల మధ్యది, పెదాలు తాకీ తాకనట్టు. చివరి ద్ వినీ వినపడనంత మెత్తగా. జవాబు "ఇగ్వాల్‌మెంతే".

తెల్లకాగితం
అంటే ఒకే వాక్యం ఎనిమిది భాషల్లో అన్న ఆలోచనే మార్చుకోవాలన్నమాట. జపాన్, కొరియా వరసల్లో కూడా క్రిస్మస్ ఉంది. తీసేయాలా?

ఉదయరాగం
జపాన్‌కు తీసేయండి. క్రిస్మస్ అక్కడ సెలవు రోజు కాదు, ఆఫీసు ఉత్తరాల్లో దాని ప్రసక్తి ఉండనవసరం లేదు. ఏడాది చివర చెప్పేది "యోయ్ ఓతోషి ఓ". కార్డులో మర్యాదగా పూర్తిగా "యోయ్ ఓతోషి ఓ ఓముకాఎ కుదసాయ్" అని రాయాలి. మంచి ఏడాదికి స్వాగతం పలకండి అని. డిసెంబరు 20కి సరిగ్గా సరిపోతుంది. జనవరి 1 నుంచి "అకెమాష్తె ఓమెదెతో గొజాయ్‌మాస్". "అకెమాష్తె" అంటేనే "తెల్లవారింది కనక" అని అర్థం, కాబట్టి డిసెంబరులో ఆ మాట పనికిరాదు. చెప్పగానే వెంట "కొతోషి మొ యొరోష్కు ఒనెగాయ్‌షిమాస్" (ఈ ఏడు కూడా దయ ఉంచండి) అనడం రివాజు. జవాబుగా అవే రెండు మాటలు తిరిగి చెబుతారు.

కొత్త ఏటి పోస్టుకార్డును "నెంగాజో" అంటారు. ముందే పోస్టు చేస్తే తపాలా శాఖ ఆపి ఉంచి జనవరి 1న పంచుతుంది. దీని నియమాలు గట్టివి.

పై అధికారులకు, కస్టమర్లకు "గషో", "గెయ్‌షున్" లాంటి, జపనీస్ లిపిలో రెండే అక్షరాలుండే పొడిమాటలు రాయకూడదు. నాలుగక్షరాల "కింగ షిన్నెన్" రాయాలి, అందులో వినయం ఉంది. "గడిచిన ఏడాది" అనడానికి "క్యొనెన్" వాడకూడదు. దాని మొదటి అక్షరానికి "విడిచిపోవు" అన్న అర్థం ఉంది. బదులుగా "సకునెన్" రాస్తారు.

అన్నిటికన్నా ముఖ్యమైనది: ఆ ఏడాది ఇంట్లో ఎవరైనా పోయినవాళ్ళు డిసెంబరు మొదట్లోపే "మోచూ" కార్డు పంపుతారు. ఈసారి శుభాకాంక్షలు అందుకోలేం, ఇవ్వలేం అని దాని సారం. ఆ కార్డు వచ్చిన ఇంటి పేరు జాబితాలోంచి తీసేయాలి. మన దగ్గర ఏడాది లోపల పండుగ లేదనుకునే ఇంటికి మనం ఎలా మసలుకుంటామో అలాగే. వాళ్ళకు జనవరి 7 దాటాక, ఫిబ్రవరి మొదటి వారం లోపల "కంచూ మిమాయ్" అనే చలికాలపు పరామర్శ కార్డు పంపొచ్చు. అందులో "ఓమెదెతో" అన్న మాట ఉండకూడదు. జనవరి 7లోపల నెంగాజోకు జవాబివ్వడం తప్పిపోయినవాళ్ళు కూడా ఇదే పంపుతారు.

హాన్‌నది
కొరియాకు: "సెహె పోక్ మాని పాదుసెయో". కొత్త ఏట భాగ్యం మెండుగా అందుకోండి. డిసెంబరు చివర్లో చెప్పొచ్చు, జనవరి 1న చెప్పొచ్చు, చాంద్రమాన కొత్త సంవత్సరం సొల్లాల్‌కు మళ్ళీ చెప్పాలి. 2026లో సొల్లాల్ ఫిబ్రవరి 17న. చివరి "సెయో" మన "అండి" లాంటిది. చిన్నపిల్లలతో, దగ్గరి స్నేహితులతో "పాదా" అంటే చాలు. కార్డులో "సెయో" తప్పనిసరి. పోక్, పాదు మాటల్లో మొదటి శబ్దం ప, బల నడిమిది. బ అన్నా అర్థమవుతుంది.

కొరియాలో డిసెంబరు 25 సెలవే, చర్చిలు కూడా ఎక్కువ. క్రిస్మస్ మాట ఉంచినా ఇబ్బంది లేదు.

సింగపూర్‌వీధి
సింగపూర్‌కు డిసెంబరు కార్డు ఇంగ్లీషులో పంపండి, చాలు. చైనీస్ మాటను చాంద్రమాన కొత్త సంవత్సరానికి దాచుకోండి. మాండరిన్‌లో "షిన్‌న్యెన్ క్వాయ్‌ల" అంటే కొత్త సంవత్సర ఆనందం. "గొంగ్‌షీ ఫాౘాయ్" అంటే సంపద కలగాలి అని. కాంటనీస్‌లో అవే అక్షరాలు "గూంగ్ హేయ్ ఫాత్ చోయ్". ఫాౘాయ్‌లోని ౘ మనకు పుట్టుకతో వచ్చిన శబ్దమే: "చలి", "చాప" అన్నప్పుడు పళ్ళ వెనక పుట్టే చ. దానికి కొంచెం గాలి జోడించండి. "చిలక"లోని చ వేరు, అది పనికిరాదు.

వియత్నాంవాళ్ళకు అదే రోజుల్లో వచ్చేది "తెత్". వాళ్ళకు "చైనీస్ న్యూ ఇయర్" అనకండి. "లూనార్ న్యూ ఇయర్" అనండి, లేదా వాళ్ళ భాషలోనే "చుక్ మూంగ్ నమ్ మోయ్" అనండి.

మలేషియాలో ఈద్‌కు "సెలామత్ హరి రాయ" అన్నాక "మాఫ్ జాహిర్ దాన్ బాతిన్" అని కలుపుతారు. పైకీ లోపలా చేసిన తప్పులు మన్నించండి అని. పండుగ రోజు క్షమాపణ అడగడం ఆ పలకరింపులో భాగం. ఆ రెండో ముక్క వదిలేస్తే సగమే చెప్పినట్టు.

పాతబస్తీ
ఈద్ సంగతి వచ్చింది కాబట్టి. మన తెలుగు బ్యానర్ల మీద "రంజాన్ శుభాకాంక్షలు" అని ఉంటుంది. తెలుగులో రంజాన్ అంటే పండుగ అనే వాడుక స్థిరపడింది కాబట్టి తెలుగులో అది తప్పు కాదు. ఉర్దూలోనో అరబ్బీలోనో చెప్పేటప్పుడు మాత్రం వేరు. నెలవంక కనబడిన రాత్రి "చాంద్ ముబారక్". ఉపవాసాల నెల మొదలైనప్పుడు "రంజాన్ ముబారక్". ఆ నెల ముగిసి తరవాతి నెల షవ్వాల్ 1న "ఈద్ ముబారక్". పండుగ రోజున "రంజాన్ ముబారక్" అంటే అయిపోయిన నెలకు చెప్పినట్టు. జవాబు "ఖైర్ ముబారక్" లేదా "ఆప్‌కో భీ ముబారక్".

గల్ఫ్‌లో ఉన్న తెలుగువాళ్ళకు అక్కరకొచ్చే మాట: "కుల్లు ఆమ్ వ అన్తుమ్ బిఖైర్". ప్రతి ఏడూ మీరు క్షేమంగా ఉండాలి. ఈద్‌కు, కొత్త ఏడాదికి, పుట్టినరోజుకు అన్నిటికీ చెల్లుతుంది. ఒక మగమనిషితో "అన్త", ఆడమనిషితో "అన్తి", పదిమందితో "అన్తుమ్". జవాబు "వ అన్తుమ్ బిఖైర్".

ముహర్రం విషయంలో జాగ్రత్త. ఆ నెల పదో రోజు అషూరా, క్రీ.శ. 680లో కర్బలాలో ఇమాం హుసేన్ అమరుడైన రోజు. హైదరాబాదులో బీబీ కా ఆలం ఊరేగింపు ఆ దుఃఖంతోనే సాగుతుంది. పల్లెల్లో పీర్ల పండుగ అంటాం కదా అని "ముహర్రం శుభాకాంక్షలు" కార్డు వేయకండి. గుడ్ ఫ్రైడేకు కూడా అంతే, పేరులో "గుడ్" ఉందని "హ్యాపీ" కలపకూడదు. రెండు రోజుల తరవాత వచ్చే ఈస్టర్‌కు చెప్పండి.

మంచుతెర
ఈస్టర్‌కు ఆర్థడాక్స్ వాళ్ళది ప్రశ్న, జవాబు లాంటి పలకరింపు. రష్యన్‌లో ఒకరు "ఖ్రిస్తోస్ వస్క్రేసె" (క్రీస్తు లేచెను) అంటే రెండోవారు "వయీస్తిను వస్క్రేసె" (నిజముగా లేచెను) అనాలి. గ్రీకులో "ఖ్రిస్తోస్ అనేస్తి", "అలిథోస్ అనేస్తి". థాంక్స్ అని ఊరుకుంటే జత తెగిపోతుంది. 2026లో మన చర్చిలకు ఈస్టర్ ఏప్రిల్ 5న, వాళ్ళకు 12న. తేదీ చూసి పంపండి.

గోదారిగట్టు
ఇరుగుపొరుగు భాషల సంగతి చెబుతానండి. సంక్రాంతికి కన్నడిగులు, మరాఠీలు శుభాకాంక్షలు చెప్పరనీ కాదు గానీ, అసలు పలకరింపు నువ్వులతో ఉంటుందండి. కన్నడంలో "ఎళ్ళు బెల్ల తిందు ఒళ్ళె మాతాడి", నువ్వులూ బెల్లం తిని మంచిమాట మాట్లాడండని. మరాఠీలో "తిళగూళ ఘ్యా, గోడ్ గోడ్ బోలా", తీయతీయగా మాట్లాడండని. చేతిలో నువ్వులు పెడుతూ అనాల్సిన మాటలివి. కార్డులో వేస్తే పక్కన నువ్వుండల బొమ్మైనా ఉంటే అందం. తమిళానికి "ఇనియ పొంగల్ నల్వాళ్త్తుక్కళ్". మొదటి ళ్ మామూలు ళ కన్నా నాలుక ఇంకా వెనక్కి మడిచి పలకాలి. రాతలో కూడా దానికి వేరే అక్షరం ఉంది, కలిపేయకండి.

ఉగాదికి కన్నడంలో "యుగాది హబ్బద శుభాశయగళు", మరాఠీలో "గుఢీ పాడవ్యాచ్యా హార్దిక్ శుభేచ్ఛా". మనం ఆకాంక్ష అంటాం, కన్నడిగులు ఆశయం, మలయాళీలు ఆశంస, మరాఠీలు ఇచ్ఛ. అన్నీ సంస్కృతమే అయినా ఒకరి మాట ఇంకొకరికి పెడితే అతకదు. "హబ్బద", "పాడవ్యాచ్యా" రెండింట్లోనూ షష్ఠీ విభక్తి ఉంది. వాటినుంచి తెలుగులోకి మార్చే యంత్రం "ఉగాది యొక్క శుభాకాంక్షలు" అని రాస్తుందండి. తెలుగుకు ఆ "యొక్క" అక్కర్లేదు. కొట్టేయండి.

ఇంకో రెండు తెలుగు తప్పులు. శుభ, ఆకాంక్షలు కలిస్తే "శుభాకాంక్షలు", సవర్ణదీర్ఘ సంధి. "క్షా" అని దీర్ఘం ఇచ్చి "శుభాకాంక్షాలు" అనకూడదు. సాధించినదానికి అభినందనలు, రాబోయేదానికి శుభాకాంక్షలు. పండుగకు "అభినందనలు" చెబితే పండుగను వాళ్ళేదో గెలుచుకున్నట్టుంటుంది.

2026 మార్చి 19న వచ్చేది పరాభవ నామ సంవత్సరం. పేరుకు ఓటమి అని అర్థం ఉందని కార్డుల్లోంచి తీసేయాలనిపిస్తుంది. ఉంచమనే నా సలహా అండి. అరవై పేర్ల వరసలో అది ఒకటి, "శ్రీ పరాభవ నామ సంవత్సర ఉగాది శుభాకాంక్షలు" అని రాయడమే సంప్రదాయం. కన్నడిగులకూ అదే పేరు, తమిళులకు ఏప్రిల్ 14న అదే పేరుతో మొదలవుతుంది.

జమ్మిచెట్టు
దసరా ముచ్చట ఎవ్వరు తియ్యలేదు. మా దిక్కు ఊర్లల్ల "దసరా శుభాకాంక్షలు" కార్డు మీది మాట. అసలుది జమ్మి ఆకు చేతుల పెట్టుడు. ఆ ఆకునే బంగారం అంటరు. చిన్నోళ్ళు పెద్దోళ్ళ చేతుల పెట్టి కాళ్ళు మొక్కుతరు, ఈడోళ్ళు ఇచ్చిపుచ్చుకొని అలయ్ బలయ్ తీసుకుంటరు. ఉత్తర కర్ణాటకల గదే జమ్మిని బన్ని అంటరు, ఇచ్చుకుంట "బన్ని తగొండు బంగారదంగ ఇరోణ" అంటరు, జమ్మి తీసుకొని బంగారం లెక్క ఉందామని. మహారాష్ట్రల ఆప్టా చెట్టు ఆకు, రెండు చీలికలుంటది, మాట "సోనం ఘ్యా, సోన్యాసారఖం రాహా". మూడు భాషలల్ల ఆకు బంగారమే.

బెంగాలోళ్ళకు దశమి పొద్దుగాల్నే విజయ శుభాకాంక్షలు చెప్పకున్రి. అమ్మవారి నిమజ్జనం అయినంకనే "శుభో బిజొయా" అంటరు, కాళీపూజ దాక అనొచ్చు. అండ్ల గూడ పెద్దోళ్ళకు మొక్కుడు, కౌగిలించుకునుడు ఉంటది. గుజరాతీలకు దీపావళి తెల్లారి కొత్త ఏడాది, "సాల్ ముబారక్" అనాలె. కొన్ని ఏండ్లల్ల నడుమ ఒక దినం ఖాళీ వస్తది, పంచాంగం చూసుకోన్రి.

అచ్చుగది
కార్డు తయారీలో ఎక్కడ చెడుతుందో చెబుతాను. పాత ఫొటోషాప్ వెర్షన్లలో టైపు సెట్టింగుల్లో "వరల్డ్ రెడీ లేఅవుట్" ఎంచుకోకపోతే తెలుగు వత్తులు విడిపోతాయి, అరబ్బీ అక్షరాలు ఎడమనుంచి కుడికి తిరగబడి ముక్కలవుతాయి. ఇన్‌డిజైన్‌లో "వరల్డ్ రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్" పెట్టాలి.

అరబ్బీ చదవడం రాకపోయినా ఇలా సరిచూడొచ్చు: "ఈద్"లో అయిన్, యే, దాల్ అనే మూడు అక్షరాలూ అతుక్కుని ఒకే ముక్కగా ఉండాలి, కుడి కొసన అయిన్. "ముబారక్" మూడు ముక్కలుగా ఉండాలి: మీమ్, బే, అలిఫ్ కలిసి ఒకటి, రే ఒకటి, కాఫ్ ఒకటి. "ఈద్" మూడు ముక్కలైనా, "ముబారక్" ఐదు ముక్కలైనా కార్డు ఆపేయండి.

"అను" అనే పాత తెలుగు ఫాంట్లలో కొట్టిన తెలుగును మెయిల్లో అతికిస్తే అర్థంలేని గుర్తులవుతాయి, అది యూనికోడ్ కాదు. ముందే యూనికోడ్‌లోకి మార్చుకోండి. ఉచ్చారణ కాగితంలో "ౘ" వాడితే ఆ అక్షరం ఫాంటులో ఉందో లేదో చూడండి, లేకపోతే ఖాళీ డబ్బా వస్తుంది. డిజైనరుకు విదేశీ వాక్యాలు ఫొటోగా పంపకండి, అక్షరాలుగా పంపండి. చూసి కొట్టేటప్పుడే స్పానిష్ గీతలూ ఫ్రెంచి చుక్కలూ పోయేది. ఆఖరి పీడీఎఫ్ ఆ భాష చదవగలిగినవాళ్ళకు ఒక్కో వరస చూపించాకే అచ్చుకు వదలండి.

తెల్లకాగితం
అందరికీ ధన్యవాదాలు. మార్చిన వరసలు ఇవి. జర్మన్: ఫ్రోఎ వైనాఖ్టెన్, గూటెన్ రుచ్. ఫ్రెంచి: బొన్ ఫెత్. స్పానిష్: ఫెలిస్ నవిదాద్, గీత ఉన్న అన్యోతో కొత్త ఏడాది. రష్యన్: స్ నస్తుపాయుషిమ్. ఉక్రేనియన్: జ్ రిజ్ద్వోమ్. జపనీస్: యోయ్ ఓతోషి ఓ ఓముకాఎ కుదసాయ్. కొరియన్: సెహె పోక్ మాని పాదుసెయో. సింగపూర్‌కు ఇంగ్లీషు. ఎనిమిదీ ఒకే కార్డులో కాకుండా దేశానికొక కార్డుగా విడగొడుతున్నాను.

ఉదయరాగం
విడగొట్టడం మంచిదైంది. జపాన్ కార్డు మీద డిసెంబరు 20 అని ఉన్నా, అది 28లోపల చేరేలా చూడండి. ఆ తరవాత ఆఫీసులు మూసి జనవరి 4 ప్రాంతంలో తెరుస్తారు. అప్పుడు కవరు విప్పితే "యోయ్ ఓతోషి ఓ" పాతబడిన మాట. పోస్టు మీద నమ్మకం లేకపోతే మెయిల్లో పంపండి.